‘చావవు అన్నా’ అని అమ్మిన రీఫ్ బిగినర్ ప్యాక్: 14 నెలల తర్వాత

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. చిన్న రీఫ్ ట్యాంకు (ఉప్పునీళ్లలో చేపలతో పాటు పగడాలు పెంచే తొట్టి) మొదలుపెట్టేవాళ్ల కోసమని చేపలు, కోరల్స్ (అంటే పగడాలు), నత్తలు అన్నీ కలిపి సెట్‌గా అమ్మే బిగినర్ ప్యాక్‌లు ఉంటాయి కదా, అలాంటిదొకటి 14 నెలల కిందట తెప్పించుకున్నాను. వచ్చినవాటిలో సగం బంగారం. మిగతా సగాన్ని ట్యాంకులోంచి బయటికి పంపడానికి ఏడు నెలలు తంటాలు పడ్డాను, అందులో ఒకటి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అమ్మినతను ఫోన్‌లో "ఇవి చావవు అన్నా, కొత్తవాళ్లకి ఇవే ఇస్తాం" అన్నాడు. అబద్ధం చెప్పాడని అనలేను. చాలావరకు చావలేదు. నా గొడవంతా అదే.

బిగినర్ అనగానే సులువుగా ఉంటుంది, మన మాట వింటుంది అనుకుంటాం. అమ్మేవాళ్ల లెక్కలో మాత్రం దానికి ఒకటే అర్థం: మీరు ఎన్ని తప్పులు చేసినా ఇది బతికే ఉంటుంది. బతికి ఉండి పక్కవాటిని ఏం చేస్తుందో, ఎంత దూరం పాకుతుందో, తర్వాత వద్దనుకుంటే పోతుందో లేదో ప్యాక్ మీద ఎవరూ రాయరు. అందుకే నేను ఒక్కోదానికీ ఆ లెక్కన మార్కులు వేస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే కొంచెం అటూ ఇటూగా ఇదే ప్యాక్ చాలామంది అమ్ముతున్నారు, ఒక్కరిని అని లాభం లేదు.

నా ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 36 ఎత్తు. కొలతల ప్రకారం 78 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అందులో నిజంగా ఉండే నీళ్లు 60 లీటర్లే. చిన్న ట్యాంకు అంటే పని తక్కువ అనుకుని దిగుతారు చాలామంది, నేనూ అలాగే దిగాను. 60 లీటర్లలో రెండు లీటర్లు ఆవిరైపోతే సాలినిటీ, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు పాళ్లు, 35 నుంచి 36 దాటుతుంది, ఫ్యాన్ గాలి తగిలే గదిలో అది రెండు రోజుల పని. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గిన చోట పోయాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్లు. నేను మొదటి వారం, నీళ్లు తగ్గాయి కదా అని, బకెట్లో కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లే పోస్తూ వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు రోజుకి మూడుసార్లు ట్యాంకు ముందు కూర్చునేవాణ్ణి, కానీ ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ప్యాక్‌లో వచ్చినవి ఇవి. రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, మూడు గ్రీన్ క్రోమిస్‌లు, ఒక బ్లూ డామ్సెల్. కోరల్స్‌లో గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా, జోయాంథిడ్‌లు, రెండు మష్రూమ్‌లు, మూడు తలలున్న ఒక డంకన్. వీటితో పాటు ఆరు నత్తలు, నాలుగు హెర్మిట్ పీతలు. అన్నీ ఒకే పెట్టెలో, ఒకే రోజు.

ఆ ‘ఒకే రోజు’ దగ్గరే నా మొదటి ఫిర్యాదు. ట్యాంకు సైకిల్ అయి, అంటే వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా అందులో స్థిరపడి, ఆరు వారాలు గడిచింది, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, అంతా బాగుంది. కానీ సైకిల్ అయిందంటే ట్యాంకు దేనికైనా సిద్ధమని కాదు. అమ్మోనియాని తినే బాక్టీరియా అప్పటిదాకా దొరికిన తిండికి సరిపడా మాత్రమే పెరిగి ఉంటుంది. ఒక్కసారిగా ఆరు చేపలు, పది చిల్లర జీవాలు వచ్చి పడితే అది అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండో రోజు సాయంత్రం అమ్మోనియా టెస్ట్ చేస్తే ట్యూబులో నీళ్లు పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగాయి, 0.5 దగ్గర. ఆ రాత్రి 15 లీటర్లు మార్చాను, మర్నాడు మళ్లీ 15. ఒక క్రోమిస్ మూడో రోజు ఫిల్టర్ దగ్గర తేలింది. ప్యాక్ అమ్మేవాళ్లు దీన్ని రెండు మూడు విడతలుగా పంపొచ్చు, ముందు నత్తలు, తర్వాత తేలిగ్గా చావని కోరల్స్, ఆపై రెండేసి చేపలు. అలా పంపితే రవాణా ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఎవరూ పంపరు. మీరు ప్యాక్ కొంటే కనీసం చేపలు తర్వాత పంపమని అడగండి, ఒప్పుకోకపోతే విడివిడిగా కొనుక్కోండి.

చేపల్లో క్లౌన్‌ల గురించి ఎంత చెప్పినా తక్కువే. పదికి పది. ఇవి ట్యాంకులోనే పుట్టి పెరిగినవి, అది చాలా ముఖ్యం, ఎందుకంటే సముద్రం నుంచి పట్టి తెచ్చినవి రోగాలు మోసుకొచ్చే అవకాశం ఎక్కువ, బ్రూక్లినెల్లా అనే జబ్బుకి క్లౌన్ చేప జబ్బు అనే పేరే స్థిరపడింది. ట్యాంకులో పుట్టినవైతే గుళికల తిండి మొదటి రోజు నుంచే తింటాయి. ఇంకో విషయం, జంట కావాలంటే ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. క్లౌన్‌లన్నీ మొదట మగవే, రెండింట్లో పెద్దగా ఉండి పెత్తనం చేసేది ఆడది అవుతుంది. ఒకసారి అయ్యాక వెనక్కి మారదు. అందుకని పెద్దవి రెండు తెచ్చి కలిపితే రెండూ ఆడవి అయ్యుండొచ్చు, అప్పుడు ఒకటే మిగులుతుంది. నా దగ్గర పెద్దది చిన్నదాన్ని ట్యాంకు చుట్టూ తరిమేది, చిన్నది పక్కకి ఒరిగి ఒళ్లంతా వణికించేది, చూసి ఫిట్స్ వచ్చాయనుకుని రాత్రంతా టెన్షన్ పడ్డాను. అది "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడమట. నెల తిరిగేసరికి సర్దుకున్నాయి. నాలుగు నెలలు హీటర్ పక్కన మూలలో పడుకున్నాయి. ఇప్పుడు డంకన్‌లో పడుకుంటున్నాయి. వాటికి అనెమోన్ (సముద్రంలో క్లౌన్‌లు దాక్కునే, పువ్వులాంటి జీవి) అక్కర్లేదు. ఆ మాట ఎంతమందికి చెప్పినా వినరు, క్లౌన్ కొన్న మర్నాడే అనెమోన్ కొంటారు, అది రాయి వదిలి నడుచుకుంటూ పోయి, నీళ్లని కదిలించే పంపు వేవ్‌మేకర్‌లో పడి తురుమైపోతుంది, ట్యాంకంతా దాని ముక్కలే. కనీసం ఏడాది ఆగండి.

క్రోమిస్‌లకి పదికి రెండు. గుంపుగా ఈదుతాయని ఫొటో చూపించి అమ్ముతారు. చిన్న ట్యాంకులో గుంపు అనేది ఒక్కొక్కటే తగ్గుతూ పోతుంది. ఒకటి పెద్దరికం చేస్తుంది, అందరికంటే బలహీనంగా ఉన్నదాన్ని మూలకి తోసి తిండి తిననివ్వదు, అది పోయాక తర్వాతిది. వీటికి యూరోనెమా అనే పరాన్నజీవి బెడద కూడా ఎక్కువ, పక్క మీద ఎర్రటి పుండు కనిపిస్తే ఇక ఆశ లేదు. నావి మూడులో ఒకటి అమ్మోనియాకి పోయింది, ఒకటి రెండో నెలలో పోయింది, మిగిలిన ఒక్కదాన్ని పెద్ద ట్యాంకున్న ఒకాయనకి ఇచ్చేశాను.

ఇక డామ్సెల్. అసలు ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఈ చేపే.

వచ్చిన రోజు చిటికెన వేలంత ఉంది. ఆ నీలం రంగు ఏ కోరల్‌కీ రాదు, లైటు పడితే కరెంటు దీపంలా వెలిగేది. ఇంట్లో వాళ్లందరికీ మొదట నచ్చింది అదే. అమ్మోనియా వచ్చినప్పుడు మిగతావన్నీ పైకొచ్చి ఆయాసపడుతుంటే ఇది మాత్రం ఏమీ పట్టనట్టు తిరిగింది. "భలే గట్టిది" అనుకున్నాను. మూడో నెల వచ్చేసరికి ట్యాంకు ఎడమవైపు సగం దానిది. ఐదో నెలకి మొత్తం దానిదే. నేను చెయ్యి పెడితే వచ్చి వేలు కొరికేది, నవ్వు వచ్చేది కానీ, అదే పని చిన్న క్లౌన్ మీద చేస్తే దాని తోక చీలికలైంది. కొత్తగా ఏ చేపని వేసినా బతకనివ్వదని అర్థమైంది.

పట్టుకోవడం మొదలైంది. వల పెడితే రాతి కన్నంలోకి దూరిపోతుంది, వల తీసిన అర నిమిషానికి బయటికొచ్చి నన్నే చూస్తుంది. ప్లాస్టిక్ సీసా పై భాగం కోసి, తిరగేసి దాంట్లోనే దూర్చి, లోపల మైసిస్ (మేతగా వేసే చిన్న రొయ్యల్లాంటివి) వేసి ఉచ్చు పెట్టాను. పది నిమిషాల్లో క్లౌన్‌లు రెండూ పడ్డాయి. వదిలేశాను. మళ్లీ పడ్డాయి. తిండి తినడానికి రోజూ వచ్చి ఉచ్చులో కూర్చోవడం వాటికి అలవాటైపోయింది, డామ్సెల్ మాత్రం సీసా మూతి దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగేది. తొమ్మిది రోజులు ఇదే తంతు. చివరికి ఒక ఆదివారం సగం నీళ్లు టబ్బులోకి తీసి, రాళ్లు ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టాను. అది ఏ రాతి కన్నంలో దాక్కుందో ఆ రాయినే పైకి ఎత్తాను, నీళ్లు కారిపోతున్నా అది బయటికి రాలేదు, రాయిని బకెట్ మీద పట్టుకుని అర నిమిషం నిలబడితే అప్పుడు టప్పున జారి బకెట్లో పడింది. నేను గెలిచాను గానీ రాళ్లు మళ్లీ ముందులా పేర్చడం రాలేదు, ఇసుక లేచి రెండు రోజులు ట్యాంకు గంజినీళ్లలా ఉంది, ఒక మష్రూమ్ ఎటు పోయిందో నెల తర్వాత తెలిసింది. డామ్సెల్‌కి చేపగా పదికి ఎనిమిది, 60 లీటర్లకి సున్నా.

దాని బదులు ఏం వేయాలి అంటే, నేను ఎల్లో వాచ్‌మన్ గోబీ అనే చేపని, దానికి తోడు పిస్టల్ రొయ్యని వేశాను. రొయ్యకి చూపు అంతంతమాత్రం, అది ఇసుక తవ్వి బొరియ చేస్తుంది, గోబీ ఆ బొరియ గుమ్మంలో కాపలా కూర్చుంటుంది, రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా దాని మీసం ఒకటి గోబీ ఒంటి మీద ఆన్చే ఉంచుతుంది. గోబీ తోక కదిపితే రొయ్య లోపలికి మాయం. మొదటి మూడు వారాలు రెండూ కనపడకపోతే చచ్చాయేమో అనుకున్నాను, తర్వాత ఒక రాత్రి ఇసుక ముక్కలు బుల్డోజర్‌లా బయటికి తోస్తూ కనిపించాయి. రాళ్లు ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు గాజు మీద ఆనేలా పెట్టుకోవాలి, లేకపోతే ఆ తవ్వకానికి రాయి కూలుతుంది. ట్యాంకు మీద వల మూత కూడా తప్పనిసరి, గోబీలు, ఫైర్‌ఫిష్‌లు రాత్రిపూట ఎగిరి కింద పడతాయి. రెండు క్లౌన్‌లు, ఒక గోబీ. 60 లీటర్లకి అంతే. ఖాళీగా కనిపిస్తుంది, నిజమే. ఆ ఖాళీని కోరల్స్ నింపుతాయి, కంగారు పడకండి.

జబ్బుల సంగతి ఒక్క ముక్క. నేను క్వారంటైన్ చేయలేదు, అదృష్టం కొద్దీ ఏమీ రాలేదు, నన్ను చూసి మీరు అలా చేయకండి. తెల్ల మచ్చల జబ్బు వస్తే దానికి వాడే రాగి మందు రీఫ్ ట్యాంకులో వేయకూడదు, రొయ్యలు, నత్తలు, కోరల్స్ చస్తాయి. అప్పుడు చేపలన్నిటినీ వేరే తొట్టిలో పెట్టి వైద్యం చేసి, ఈ ట్యాంకుని చేపల్లేకుండా 76 రోజులు వదిలేయాలి, ఈ హాబీలో ఎక్కువమంది పాటించే లెక్క అది. దానికంటే ముందే ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టి, ఒక హీటర్, ఒక స్పాంజ్ ఫిల్టర్ పెట్టుకోవడం తేలిక.

కోరల్స్ దగ్గరికి వద్దాం. పెట్టె తెరిచినప్పుడు గుండె జారింది. ఫొటోలో నియాన్ ఆకుపచ్చ, నారింజ, చేతిలో చూస్తే మట్టి రంగు ముద్దలు. ఫొటోలన్నీ నీలం లైటు కింద తీసినవి. ఇందులో మోసం ఉందని చెప్పలేం, నీలం లైటు కింద అవి నిజంగానే అలా మెరుస్తాయి, కానీ మీ ఇంట్లో పగటిపూట తెల్ల లైటు వేసి చూస్తే ఎలా ఉంటుందో ఆ ఫొటో కూడా అడిగి చూడండి. నేను చేసిన తప్పు ఏంటంటే, రంగు తొందరగా రావాలని మొదటి రోజే అన్నిటినీ లైటు కింద పైన పెట్టాను. కోరల్ ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలు వెలుతురుతో దానికి తిండి చేసిపెడతాయి, వెలుతురు ఒక్కసారిగా పెరిగితే కోరల్ వాటిని బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. మష్రూమ్‌లు రెండూ ముడుచుకుని గుండీలంత అయ్యాయి. ఇసుక మీదకి దించితే పది రోజుల్లో మళ్లీ విచ్చుకున్నాయి. ఏ కోరలైనా ముందు కింద పెట్టండి, రెండు వారాలు చూడండి, తర్వాత పైకి జరపండి.

మష్రూమ్‌లకి తొమ్మిది. మన పొరపాట్లని ఇంతగా భరించేది ఇంకొకటి లేదు, పెరుగుదల నెమ్మది, పక్కవాళ్ల జోలికి పెద్దగా పోదు. ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, దాని ప్లగ్ (కోరల్‌ని అంటించి అమ్మే చిన్న దిమ్మ) మీద ఐప్టేజియా అనే కలుపు అనెమోన్ ఒకటి వచ్చింది, గోధుమ రంగులో చిన్న తాటిచెట్టు బొమ్మలా. తెలియక బ్లేడుతో గీకాను. దాన్ని గీకితే మిగిలిన ప్రతి ముక్కా ఒక కొత్త ఐప్టేజియా అవుతుంది. మూడు వారాల్లో పదకొండు లెక్కపెట్టాను. పెప్పర్‌మింట్ రొయ్యని తెచ్చాక తగ్గాయి. ఇప్పుడు ఏ ఫ్రాగ్ (పెద్ద కోరల్ నుంచి కోసిన ముక్క) తెచ్చినా, కుదిరితే ప్లగ్ నుంచి విరిచి, ఆ ప్లగ్ పారేసి, కోరల్‌ని మాత్రమే డిప్ చేసి, అంటే పురుగులు పోయే మందు నీళ్లలో కాసేపు ముంచి, వేస్తున్నాను.

డిప్ విలువ జోయాంథిడ్‌ల దగ్గర తెలిసింది. డిప్ నీళ్లలో ఐదు నిమిషాలు ఊపితే ఒక పాలిప్ (కోరల్‌లో పువ్వులా విచ్చుకునే ఒక్కో తల) ఊడి కింద పడిందనుకున్నాను. అది పాలిప్ కాదు, జోయాలని (జోయాంథిడ్‌లని) తినే న్యూడిబ్రాంక్, అంటే గుల్ల లేని ఒక రకం సముద్రపు నత్త. తిన్న జోయా రంగే ఒంటికి వస్తుంది, వీపు మీద పాలిప్ అంచుల్లాంటి కుచ్చులు, కళ్లు పెట్టుకుని చూసినా తేడా తెలియదు. డిప్‌కి పెద్దవి పోతాయి, గుడ్లు పోవు. కాడల మధ్య తెల్లటి చిన్న చుట్ట కనిపిస్తే అవే గుడ్లు, గీకి తీసేయాలి, వారం తర్వాత మళ్లీ డిప్ చేయాలి. ఈ పని చేసేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. ఇది మామూలు జాగ్రత్తగా తీసేయొద్దు. జోయాల్లో, ముఖ్యంగా వాటి దగ్గరి చుట్టాలైన పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, 1971లో హవాయిలో దొరికిన ఒక పాలిథోవా నుంచే దాన్ని మొదట వేరు చేశారు, తెలిసిన అతి భయంకరమైన విషాల్లో అదొకటి. అవి ఉన్న రాయిని ఎట్టి పరిస్థితిలోనూ మరగబెట్టకూడదు, వేడినీళ్లు పోసి బ్రష్‌తో తోమకూడదు, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలే ఆస్పత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. నా ప్యాక్‌తో పాటు వచ్చిన కాగితంలో లైటు ఎంతసేపు వేయాలో రాశారు, దీని గురించి ఒక్క ముక్క లేదు. జోయాలకి ఎనిమిది, ఆ కాగితానికి సున్నా.

డంకన్ ఈ ప్యాక్ మొత్తానికి పెద్దకొడుకు. మూడు తలలతో వచ్చింది, ఇప్పుడు పద్నాలుగు. కరిగిన మైసిస్‌ని పిపెట్‌తో ఒక్కో తల మీద వదిలితే, మీసాలు నెమ్మదిగా ముడిచి నోట్లోకి లాక్కుంటుంది, ఇంటికి వచ్చిన చిన్నపిల్లలు దీని దగ్గర్నుంచి కదలరు. ఆకలైనా, ఉప్పు తేడా వచ్చినా ముందు ఇదే ముడుచుకుని చెప్తుంది, టెస్ట్ కిట్ కంటే ముందు. కొత్త తలలు పక్క నుంచి మొగ్గల్లా వస్తాయి, ఉన్నచోటే పెరుగుతుంది, రాయి మీద పాకదు. వద్దనుకుంటే ఎత్తి పక్కన పెట్టొచ్చు, అది ఎంత పెద్ద గుణమో తర్వాతి రెండింటి గురించి చదివితే అర్థమవుతుంది. ఒక మాట, డంకన్ గట్టి పగడాల జాతి. గట్టి పగడాలన్నీ సైటీస్ (అరుదైన జీవాల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశం దాటి రావాలంటే అనుమతి కాగితాలు ఉండాలి, కొన్ని దేశాల్లో అసలు ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ముందు మీ చట్టం చూసుకుని, అమ్మేవాణ్ణి కాగితాలు అడగండి, ట్యాంకుల్లో పెంచి కోసిన ఫ్రాగ్ అయితే మనసుకీ హాయి.

గ్రీన్ స్టార్ పాలిప్స్. ఊదా రంగు చాప, దాని మీద పచ్చగా ఊగే గడ్డి. రెండో నెలలో దీన్ని చూసి మురిసిపోయి, నడి రాయి మీద, సరిగ్గా కళ్లకి ఎదురుగా జిగురు పెట్టి అంటించాను. గరిక గురించి తెలిసినవాడెవడైనా ఆ పని చేస్తాడా. ఆరో నెలకి ఆ రాయి మొత్తం అదే. జోయాల ప్లగ్ చుట్టూ పాకి, పైకెక్కి, వాటి మీద నీడ పడేలా కప్పేసింది. చాప అంచు పట్టుకుని లాగితే తోలులా ఊడుతుంది, ఊడుతుంటే బాగుంటుంది, కానీ రాతి గరుకుల్లో గింజంత మిగిలినా నెలలో మళ్లీ పచ్చగా లేస్తుంది. చివరికి ఊడదీసిన ముక్కని వెనక గాజుకి అంటించాను. ఇప్పుడు వెనక గోడంతా పచ్చిక, పంపు నీళ్లకి అలలు అలలుగా ఊగుతుంది, ట్యాంకులో ఎక్కువమంది మెచ్చుకునేది అదే. అంటే రాయి మీద పదికి రెండు, వెనక గాజు మీద తొమ్మిది. మిగతా రాళ్లకి తగలకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఇసుక ఉన్న ఒంటరి రాయి మీద పెట్టినా పర్లేదు.

జీనియా ఇంకో మెట్టు పైన. దాని చేతులు పిడికిలి ముడిచి తెరిచినట్టు రోజంతా కొట్టుకుంటూ ఉంటాయి, చూస్తే వదలబుద్ధి కాదు. ఎందుకు కొట్టుకుంటుందని వెతికితే ఒక మంచి సంగతి తెలిసింది, 2013లో ఎర్ర సముద్రంలోని దాని చుట్టం మీద చేసిన పరిశోధనలో, ఆ కదలిక వల్ల కణజాలం దగ్గర పేరుకున్న ఆక్సిజన్ కొట్టుకుపోయి లోపలి శైవలాలు ఎక్కువ తిండి తయారుచేస్తున్నాయని తేలింది. అంత ఓపికగా తనకి తానే విసురుకునే జీవం నా చేతిలో ఓడిపోతుందా. ఇది పాకడమే కాదు, నడుస్తుంది. పక్క రాయి మీదకి వాలి, అక్కడ పాదం దింపి, వెనక పాదం కోసేసుకుంటుంది, అప్పుడు రెండు జీనియాలు. కత్తెరతో కోస్తే మొదలు మళ్లీ చిగురిస్తుంది, కోసిన ముక్క నీటివాలుకి కొట్టుకుపోయి ఇంకోచోట అంటుకుంటుంది. డంకన్ కాడల మధ్య మొలిచినప్పుడు పట్టకారు పెట్టి ఒక్కోటి పీకాను. మొదట్లో చెప్పిన ‘ఇంకా పోనిది’ ఇదే. ఆరు నెలల్లో పోయిందనుకున్న ప్రతిసారీ పంపు వెనక ఒక చిన్న పిడికిలి కొట్టుకుంటూ కనిపిస్తుంది. విచిత్రం ఏంటంటే కొంతమంది ట్యాంకుల్లో ఇది ఏ కారణం లేకుండా రాత్రికి రాత్రి కరిగిపోతుందట. నాకా అదృష్టం లేదు.

పదో నెల తర్వాత నా అంతట నేను కొన్న కోరల్స్ మూడు: క్యాండీ కేన్, చిన్న టోడ్‌స్టూల్ లెదర్, ఒక హ్యామర్. మొదటి రెండూ కళ్లు మూసుకుని కొనొచ్చు. లెదర్ అప్పుడప్పుడు వారం పైన ముడుచుకుని, మైనం పూసినట్టు మెరుస్తూ చచ్చినదానిలా ఉంటుంది, అది పై పొర వదులుతోంది, తీసి పారేయకండి. హ్యామర్ మాత్రం రాత్రిపూట పొడవాటి మీసాలు వదిలి పక్కదాన్ని కాలుస్తుంది, చుట్టూ ఒక జానెడు ఖాళీ ఉంటేనే కొనండి. దీని పుణ్యమా అని ఆల్కలినిటీ (గట్టి కోరల్స్ తమ అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్‌ల లెక్క) టెస్ట్ వారానికోసారి చేయడం నేర్చుకున్నాను, 8 నుంచి 9 dKH మధ్య కదలకుండా ఉంచుతున్నాను. అంకె ఎంత అనేదానికంటే అది రోజుకో తీరుగా ఎగరకపోవడం ముఖ్యం. వారానికి ఆరు లీటర్ల నీళ్లు మారిస్తే ఇన్నాళ్లూ సరిపోయింది, మందులు పోయాల్సిన అవసరం ఇంకా రాలేదు.

నత్తలు, పీతలు. ఆరు నత్తల్లో మూడు ట్రోకస్, మూడు ఆస్ట్రియా. ట్రోకస్‌లు బోర్లా పడితే వాటంతట అవే లేస్తాయి, ఆస్ట్రియాలు లేవలేవు, రోజూ వాటిని తిప్పి నిలబెట్టడం ఒక డ్యూటీ. హెర్మిట్ పీతలు నాచు తింటాయి, నిజమే, కానీ కొత్త గుల్ల కావాలంటే నత్తని చంపి ఆ గుల్లలో దూరతాయి. ఖాళీ గుల్లలు నాలుగు పడేస్తే కొంత ఆగాయి. నత్తలన్నీ ట్రోకస్‌లే ఇచ్చి, పీతలు ఇవ్వకుండా ఉంటే ఈ వరుసకి పది వేసేవాణ్ణి. ఆరు వేస్తున్నాను.

నాచు గురించి అందరూ భయపెడతారు, నన్ను ముంచింది మాత్రం శుభ్రం. నాలుగో నెలలో, నాచుకి తిండి అయ్యే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా వచ్చిందని సంబరపడ్డాను. వారం తిరిగేసరికి ఇసుక మీద గోధుమ రంగు జిగట, దాని నిండా గాలి బుడగలు, రాత్రి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ హాజరు. డైనోఫ్లాజెల్లేట్‌లు. ట్యాంకులో తిండి మరీ తక్కువై మిగతా సూక్ష్మజీవులు డీలాపడితే ఆ ఖాళీలో ఇవి పుట్టుకొస్తాయి. ఫాస్ఫేట్ తీసే మీడియా తీసి పక్కన పెట్టి, చేపలకి తిండి పెంచితే ఐదు వారాలకి సర్దుకుంది. ఇప్పుడు నైట్రేట్ 5 నుంచి 10 మధ్య ఉంటే హాయిగా నిద్రపోతున్నాను.

ఈ ప్యాక్‌తో పాటు "ఇంకో రెండు కలుపుకోండి అన్నా, బాగుంటాయి" అని చూపించిన చేపలు మాండరిన్, చిన్న బ్లూ టాంగ్. మాండరిన్ రోజంతా రాళ్ల మీద కోపెపాడ్‌లు అనే నలుసుల్లాంటి జీవాల్ని ఏరుకుని తింటుంది, 60 లీటర్లలో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి, తర్వాత కళ్లముందే ఎండుతుంది. బ్లూ టాంగ్ పెరిగితే 30 సెంటీమీటర్లు, నా ట్యాంకు పొడవులో సగం. రెండూ వద్దన్నాను, ఆ ఒక్క రోజు మాత్రం నా బుర్ర పనిచేసింది.

మొన్న కొత్తగా ట్యాంకు పెట్టిన కుర్రాడొకడు ఇంటికి వచ్చాడు. జీనియా ముందు నిలబడి అరగంట కదలలేదు. ఇస్తాను గానీ, ఒంటరి రాయి మీద, ఇసుక మధ్యలో, దేనికీ తగలకుండా పెట్టు అని రెండుసార్లు చెప్పి, డబ్బాలో వేసి ఇచ్చాను. తల ఊపాడు. నాలుగు రోజులకి ఫొటో పంపాడు. నడి రాయి మీద, సరిగ్గా కళ్లకి ఎదురుగా, జిగురు పెట్టి అంటించాడు. కింద రాశాడు: "సూపర్ ఉందన్నా, ఇంకోటి ఉంటే ఇస్తావా?"

ఉంది. పంపు వెనక మూడు ఉన్నాయి.